వీపు చూపని రాణి

తెనాలి చుట్టుపక్కల పల్లెల్లో పౌరాణిక నాటకం వేస్తున్నారంటే రాజు ఎవరని అడక్కుండా రాణి ఎవరని అడిగిన రోజులు కొన్ని ఉన్నాయి. రాణి షేక్ సుభాని అని తెలిస్తే జనం చాపలు చంకన పెట్టుకుని ముందే వచ్చి చోటు పట్టుకునేవారు. సుభాని పద్యం బాగానే పాడతాడు. కానీ పద్యం పాడేవాళ్ళు మా జిల్లాలో వీధికొకరు దొరుకుతారు. జనం వచ్చేది అతని నడక చూడటానికి. తెర పక్కనుంచి రంగస్థలం మధ్యకి పదహారు అడుగులు. ఆ పదహారు అడుగుల్లో మగాడు మాయమై మహారాణి మిగులుతుందని అమృతలూరులో ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని మరీ అన్నాడు. ఆ మాటని సుభాని ఈనాటికీ రోజుకొక్కసారైనా ఎవరో ఒకరికి చెబుతాడు. వినేవాళ్ళు దొరక్కపోతే భార్యకే చెబుతాడు.

ఇప్పుడతనికి అరవై ఏడేళ్ళు. ఆఖరి వేషం కట్టి పన్నెండేళ్ళు దాటింది. నాటకాలు తగ్గాయి. ఉన్న నాటకాల్లో ఆడవేషాలు ఆడవాళ్ళే వేస్తున్నారు. అది న్యాయమేనని పైకి ఒప్పుకుంటాడు గానీ, లోపల మాత్రం వాళ్ళకి నడక రాదని అతని అభిప్రాయం. బళ్ళలో వార్షికోత్సవాలప్పుడు పిల్లలకి రంగు పూసే పని చేస్తుంటాడు. భార్య అక్తర్ బేగం ఇంట్లోనే మిషను పెట్టుకుని చీరలకి ఫాల్ కుట్టి, పికో చేసి ఇస్తుంది. ఇంటికి ఎవరొచ్చినా సుభాని ముందు మంచినీళ్ళు ఇవ్వడు, ఫ్రిజ్ మీదున్న కప్పు చూపిస్తాడు. నందివెలుగులో ఉత్తమ స్త్రీ పాత్రధారిగా ఇచ్చిన కప్పు అది. వెండిది కాదు, వెండి రంగుది. ఆ తేడా అడిగినవాళ్ళకి రెండోసారి టీ దొరకదు.

ఆ నడక ఊరికే రాలేదు. హార్మోనిస్టు లక్ష్మీనారాయణగారు అతనికి గురువు. ఆయన మొదటిరోజే ఒక మాట చెప్పారు. "ఒరే, ఆడవేషానికి వీపే శత్రువు. ముందునుంచి చూస్తే నువ్వు రాణివే. వెనకనుంచి చూస్తే బస్తాలు మోసేవాడి భుజాలు. చచ్చినా జనానికి వీపు చూపించకు." సుభాని ఆ మాటని వేదంలా పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళపాటు రంగస్థలం మీదకి ఏటవాలుగా వచ్చాడు, ఏటవాలుగానే వెళ్ళాడు. తక్కిన నడకంతా చూసి నేర్చుకున్నది. రైల్వేస్టేషను బయట, కూరగాయల మార్కెట్లో, సినిమా హాలు దగ్గర గంటలు గంటలు నిలబడి ఎదురొచ్చే ఆడవాళ్ళ నడకలన్నీ చూసేవాడు. రెండుసార్లు తిట్లు తిన్నాడు, ఒకసారి చెప్పు దెబ్బ కూడా తప్పించుకున్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా, ఊరందరి నడకా అతనికి కంఠతా వచ్చింది.

దానికి అతను చెల్లించింది కూడా తక్కువేమీ కాదు. వీధిలో వెళ్తుంటే వెనకనుంచి "ఆడంగి" అని పిలిచేవాళ్ళు ఉండేవారు. కొడుకు జాకీర్ ఎనిమిదో తరగతిలో ఉండగా, "అబ్బా, మీరు మా బడికి రావొద్దు" అని తలొంచుకుని చెప్పాడు. సుభాని మరి వెళ్ళలేదు. జాకీర్ ఇప్పుడు గుంటూరులో ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. పండక్కి వస్తాడు, ప్రేమగానే ఉంటాడు. కప్పు వంక మాత్రం చూడడు.

అలాంటి ఇంటికి ఒక మధ్యాహ్నం బాపట్లనుంచి సాహితి అనే అమ్మాయి వచ్చింది. ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. సొంతూరు రేపల్లె దగ్గర నగరం అనే ఊరు. సుభాని అలవాటు ప్రకారం కప్పు చూపించాడు. ఆ పిల్ల కప్పుని రెండు చేతులతో తీసుకుని, దానిమీద అక్షరాలు పైకి చదివింది. అంతటితో సుభాని ఆమెకి దాసోహమైపోయాడు.

"తాతగారూ, నేనూ మా ఫ్రెండూ కలిసి ఫోన్లో ఆడే ఆట ఒకటి తయారుచేస్తున్నామండి" అంది. "అందులో భువన అనే అమ్మాయి ఉంటుంది. కృష్ణకి వరదొచ్చి ఏటి మధ్య లంక ఊరు మునిగిపోతుంటే ఇల్లిల్లూ తిరిగి జనాన్ని పడవ దగ్గరికి చేరుస్తుంది. ఫోను పట్టుకున్నవాళ్ళే భువన. వాళ్ళు ఎటు నడిపిస్తే అటు నడుస్తుంది."

"ఫోను పట్టుకునేది ఎవరమ్మా? ఆడపిల్లలా?"

"ఎవరైనానండి. ఎక్కువమంది అబ్బాయిలే."

సుభాని కుర్చీలో ముందుకి జరిగాడు. "అబ్బాయిలు అమ్మాయి వేషం కడతారా?"

"ఫోన్లోనే కదండి. మామూలుగా ఈ ఆటల్లో మగాళ్ళే హీరోలు. అమ్మాయి ఉంటే ఎవరో ఒకరు కాపాడాలి, లేకపోతే సగం బట్టలేసుకుని కత్తి తిప్పాలి. నాకు ఆ రెండూ వద్దు. నడిచే అమ్మాయి కావాలి. చిక్కంతా నడకతోనే వచ్చింది."

చిక్కు ఇది. ముందు మగబొమ్మ నడకనే భువనకి పెట్టారు. పోలీసుకి చీర కట్టినట్టు కనిపించింది. సరేనని సాహితి తనే నడిచి, వీడియో తీసి, ఆ నడకని బొమ్మకి ఎక్కించింది. హాస్టల్లో కుర్రాళ్ళకి చూపిస్తే, "ఇదేంటి, అబ్బాయి నడిచినట్టుంది" అన్నారు.

"ఇరవై ఒక్కేళ్ళనుంచీ నేను ఆడపిల్లనేనండి" అంది సాహితి. నవ్వుతూనే అంది గానీ ముఖంలో నవ్వు లేదు. "నాకే డౌటొచ్చింది. మా తాతయ్యతో చెప్తే, ఆడదాని నడకంటే తెనాలి సుభానిదేరా, మన నగరంలో నాటకం వేసినప్పుడు చూశాను అన్నాడు."

మిషను మీద పికో చేస్తున్న అక్తర్ బేగం చక్రం ఆపింది. "ఆడదాని నడక కోసం మగాడి దగ్గరికొచ్చావా తల్లీ?" అని అడిగి, జవాబు కోసం ఎదురుచూడకుండా మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. సుభాని రచ్చ గెలిచాడు గానీ ఇల్లు ఇంకా బాకీ ఉండిపోయింది. ఆమె మాటకి అతనికి ఒళ్ళు మండింది. వచ్చే బుధవారమే బాపట్ల వస్తానని ఆ పిల్లకి మాటిచ్చేశాడు.

మాటివ్వడమే కాదు, ఆ సాయంత్రమే టీకొట్టు దగ్గర చాటింపు వేశాడు. తన నడక కంప్యూటర్లోకి ఎక్కుతోందనీ, తను పోయినా నడక పోదనీ చెప్పాడు. నిజానికి అతనికి ఉన్న భయం అదొక్కటే. మనిషి పోవడం సరే, అందరూ పోతారు. తెనాలిలో ఇలా నడిచినవాడొకడు ఉండేవాడన్న గుర్తు కూడా పోతే, ముప్పై ఏళ్ళు తిన్న మాటలన్నీ దేనికి తిన్నట్టు?

బాపట్లలో కాలేజీవాళ్ళు ఒక ఖాళీ గది ఇచ్చారు. సాహితితో కలిసి ఆట తయారుచేస్తున్న మోహనకృష్ణ స్టాండ్ల మీద ఫోన్లు బిగించి సిద్ధంగా ఉంచాడు. వీడియోలో మనిషి ఎలా కదిలితే కంప్యూటర్లో బొమ్మ అలా కదులుతుందట. సుభాని చీర కట్టుకున్నాడు, కళ్ళు మూసుకుని గురువుని తలుచుకున్నాడు, గది ఆ మూలనుంచి ఈ మూలకి నడిచాడు. మోహనకృష్ణ తల గోక్కున్నాడు.

"తాతగారూ, పక్కకి పక్కకి వెళ్తున్నారేంటండి? నేరుగా నడవండి. మాకు వెనకనుంచి కావాలి."

"వెనకనుంచా?"

"ఆటలో భువన ముందు నడుస్తుంటే, ఆడేవాళ్ళు వెనక ఉండి చూస్తారండి. ఆమె వీపే కనిపిస్తుంది."

"ఆటంతా వీపేనా? ముఖం చూడరా?"

"మధ్యలో ఎప్పుడైనా చూస్తారండి."

సుభాని గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. అతనికి ఏమీ అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళు దాచిపెట్టిన వీపు తప్ప వీళ్ళకి ఇంకేమీ అక్కర్లేదట! చూసేవాడు ఎదుట కూర్చోకుండా వెనకెందుకు నడుస్తాడు? ఇదెక్కడి ప్రేక్షకుడు? పోనీ వచ్చిన రైలుకే తిరిగెళ్దామంటే టీకొట్టు దగ్గర ఏం చెప్పాలి? మూడుసార్లు నడిచాడు. మూడుసార్లూ నాలుగో అడుగులోనే ఒళ్ళు దానంతటదే పక్కకి తిరిగింది. నాలుగోసారి పళ్ళు బిగపట్టి, ఫోన్లకి వీపు పెట్టి, గది చివరిదాకా నేరుగా నడిచాడు. చీర కట్టుకుని ఉన్నా ఒంటిమీద బట్ట లేనట్టు సిగ్గేసింది. అటువైపు గోడకి చేరేసరికి మెడంతా చెమట.

రెండు గంటల తర్వాత సాహితి కంప్యూటర్ తిప్పి చూపించింది. తెరమీద భువన, చామనఛాయ పిల్ల, ఎర్ర నేతచీర కట్టుకుని ఏటిగట్టు మీద నడుస్తోంది. నడుము దగ్గర ఆ చిన్న విరుపు, మూడో అడుగుకి ఆ చిన్న ఆగుడు. అవి తనవే. హార్మోనియం అందుకోవడానికి వీలుగా గురువు పెట్టించిన ఆగుడు అది. వినిపించని హార్మోనియానికి ఆ పిల్ల ఆగి ఆగి నడుస్తోంది. సుభానికి ఏడుపొచ్చింది. దాచుకోవాలని చూడలేదు, కుర్రాళ్ళ ముందే ఏడ్చాడు.

ఆ సాయంత్రం హాస్టల్ కుర్రాళ్ళు పదకొండుమంది ఆట ఆడి చూశారు. ఆట మొదట్లోనే ఇద్దరు నిలబడి ఉంటారు, ఒక పక్క భువన, ఇంకో పక్క ఒక మగాడు, వాళ్ళలో ఒకరిని ఎంచుకోవాలి. అమ్మాయి ఒక్కతే ఉంటే అబ్బాయిలు ముట్టుకోరని మోహనకృష్ణ పట్టుబట్టి ఆ మగాణ్ణి పెట్టించాడు. తొమ్మిదిమంది భువన మీద వేలు పెట్టారు. నడక సూపరన్నారు, ఇప్పుడు అసలైన అమ్మాయిలా ఉందన్నారు. సాహితి వాళ్ళ వంక చూసింది, సుభాని వంక చూసింది, తన కాళ్ళ వంక కూడా ఒకసారి చూసుకుంది.

సుభాని ఒక కుర్రాడి పక్కన చేరాడు. "నాయనా, నువ్వు ఆడపిల్లని ఎంచుకున్నావు కదా, నిన్నెవరూ ఏమీ అనరా?"

"ఏమంటారు తాతగారూ?" అన్నాడు వాడు.

వెటకారం కాదు. వాడికి ప్రశ్నే అర్థం కాలేదు. ఆడంగి అని పిలవడం, వెనక నవ్వడం, కొడుకు తలొంచుకోవడం, వీటిలో ఏ ఒక్కటీ వాడి ఊహలో లేదు. ఇంత తేలికైన పనికా తను అంత బరువు మోసింది? సంతోషించాలో, గుండెలు బాదుకోవాలో తెలియక, సుభాని తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని తెనాలి వచ్చేదాకా అదే ఆలోచించాడు. ఏదీ తేలలేదు.

పదిరోజులు తెనాలిలో అతని గొప్పలకి అడ్డులేకపోయింది. పదకొండో రోజు సాహితి ఫోన్ చేసి, ఆదివారం రేపల్లెలో తన పిన్ని శకుంతల ఇంట్లో ఆడవాళ్ళకి ఆట చూపిస్తున్నానని చెప్పింది. "ఇన్నాళ్ళూ అబ్బాయిలకే చూపించాం కదండి. మామ్మగారిని కూడా తీసుకురండి" అంది. సుభాని గొప్పగా భార్యని బయల్దేరదీశాడు. మగాళ్ళు మెచ్చిన నడకని ఆడవాళ్ళు మెచ్చుకుంటుంటే ఆమె కళ్ళారా చూడాలని అతని కోరిక. ఇంటినుంచి స్టేషనుకి ఎప్పటిలాగే అతను నాలుగడుగులు ముందు, ఆమె వెనక.

శకుంతల రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తుంది. ఆదివారం సెలవు కాబట్టి తోటి ఆడవాళ్ళు ఆరేడుగురు ఆమె వరండాలో చేరారు. అందులో అంకమ్మ పెద్దది. షెడ్డు రాకముందు నలభై ఏళ్ళు నాట్లు వేసిన మనిషి. సాహితి ఫోను ఆమె చేతిలో పెట్టి, ఎక్కడ వేలు పెడితే భువన నడుస్తుందో చూపించింది. ఆ నడక సుభానిదని మాత్రం ముందే చెప్పొద్దని అతనే సాహితికి సైగ చేశాడు. చివర్లో చెప్పి ఆశ్చర్యపరచాలని.

భువన నడిచింది. గట్టు దిగి మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళింది. అంకమ్మ ఫోను కళ్ళకి దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసింది. పక్కవాళ్ళు ఆమె భుజాల మీదుగా తొంగిచూశారు. ఒకరు కిసుక్కుమన్నారు. ఇంకొకరు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

"అమ్మాయ్, ఇది మగోడే!" అంది అంకమ్మ.

"కాదండి, భువన అని..."

"పేరేదైనా పెట్టుకో. ఆ భుజాలు చూడు, బస్తా దించి వచ్చినట్టు. పైగా ఆడది నీళ్ళలో దిగితే కుచ్చిళ్ళు ఎగదోపుకోదూ? కాళ్ళు ఎడం పెట్టి, బొటనవేలితో అడుగు చూసుకుని అప్పుడు వేస్తాం పాదం. ఈయన చూడు, దారం మీద నడిచినట్టు కాలి ముందు కాలు పెడతన్నాడు. బురదలో ఇట్టా నడిస్తే మూడో అడుగుకి మూతి పళ్ళు రాలతాయి." అంకమ్మ ఫోను తిరిగిచ్చేసింది. "వెనకనుంచి చూస్తే దొరికిపోయాడు పాపం."

వరండా అంతా నవ్వు. చెడ్డ నవ్వు కాదు, హాయిగా నవ్వారు. సాహితి ముఖం మాత్రం వాడిపోయింది. సుభాని ఎర్రబడ్డాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బొమ్మని సరిగ్గా గీయలేదనీ, చీర రంగు బాలేదనీ ఏదో అనబోయి ఆగాడు. గురువు చెప్పిన మాటే, ఇంచుమించు అవే మాటల్లో, ఆయన్ని ఎన్నడూ చూడని మనిషి నోట విన్నాడు. చివర్లో చెప్పాలనుకున్న సంగతి చెప్పకుండానే చెప్పులు వేసుకున్నాడు.

రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. రెండు స్టేషన్లు దాటాయి.

"నీకు తెలుసా?" అని అడిగాడు చివరికి.

"ఏంటి?"

"నేను ఆడదానిలా నడవనని."

అక్తర్ బేగం సంచిలోంచి నీళ్ళసీసా తీసి అతనికిచ్చింది. "అందరికీ తెలుసండి."

"మరి చాపలేసుకుని ముందు వరసలో కూర్చున్నారే ఆడవాళ్ళు! ఏం చూడటానికొచ్చారు?"

"మీ మగాళ్ళ కంటికి మేమెలా కనపడతామో చూద్దామని" అంది ఆమె. "భలే ఉండేది. అంత అందంగా, అంత తీరిగ్గా మేమెప్పుడు నడిచాం? మేం ముచ్చటపడి చూసేవాళ్ళం. అది అబద్ధం కాదు."

అది పొగడ్తో తెగడ్తో సుభానికి తెలియలేదు. ముచ్చటపడ్డామంటోంది, మీరు ఆడదానిలా నడవరని తెలుసంటోంది, ఈ రెండూ ఒకే నోటితో చెబుతోంది. కుర్రాళ్ళకి నిజమైన ఆడపిల్ల నడక అబద్ధంలా ఉంది, తన అబద్ధం నిజంలా ఉంది. ఆడవాళ్ళకేమో తన నిజం ముప్పై ఏళ్ళనుంచీ అబద్ధమని తెలిసే ఉంది. ఇంక ఎవరి దగ్గరికెళ్ళి అడగాలి? తల పట్టుకున్నాడు.

తెనాలి స్టేషన్లో దిగి బయటికి వచ్చారు. ఎప్పుడూ ముందు నడిచే సుభానికి ఆ రోజు కాళ్ళు సాగలేదు. అక్తర్ బేగం అతనికోసం ఒకసారి ఆగి, పొద్దుపోతోందని తనే ముందు నడిచింది. నాలుగడుగుల దూరంలో ఆమె వీపు. పెళ్ళై నలభై ఒక్క ఏళ్ళు. ఆమె వెనక నడవడం అతనికి ఇదే మొదటిసారి.

బురఖా కింద ఆమె ఎడమకాలు కొంచెం ఆలస్యంగా లేస్తోంది. మొదట రాయి తగిలిందనుకున్నాడు. తర్వాత చెప్పు తెగిందేమో అనుకున్నాడు. వంతెన దాటినా అలాగే ఉంది. కుడికాలు నేల మీద గట్టిగా ఆనుతోంది, ఎడమకాలు దాని వెనక ఈడ్చుకుంటూ వస్తోంది. అలా నడవడం ఒకరోజులో వచ్చేది కాదు. ఎన్నో ఏళ్ళు నడిస్తేగానీ కుదరదు. ఊరందరి నడకా చదివిన అతనికి ఆ మాత్రం తెలుసు.

"అక్తర్, ఆ కాలికేమైంది?"

ఆమె వెనక్కి తిరిగింది. "ఇప్పుడడుగుతున్నారా?"

"ఎప్పటినుంచి?"

"నందివెలుగు నాటకం రోజునుంచి. బాత్రూములో జారి పడ్డాను. ఎముక విరిగిందో ఏమో, వాచిపోయింది. మీరు వేషానికి బయల్దేరుతున్నారు. చెప్తే ఆగిపోతారని చెప్పలేదు. మర్నాడు మీరు కప్పు పట్టుకొచ్చారు. ఆ సంతోషంలో చెప్పబుద్ధి కాలేదు. తర్వాత అదే సర్దుకుంది."

అది సర్దుకోలేదు. పదిహేడేళ్ళనుంచీ ఆమె ఆ కాలుతో ఈ ఇంట్లో, వంటగదికి, మిషను దగ్గరికి, కప్పు ఉన్న ఫ్రిజ్ దగ్గరికి అతని కళ్ళముందే నడుస్తోంది. సుభాని నడిరోడ్డు మీద నిలబడిపోయాడు. వెనకనుంచి ఆటో హారన్ కొడుతున్నా కదల్లేదు. తనమీద తనకే అసహ్యం వేసింది. ఆమె వచ్చి చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

మర్నాడు పొద్దున్నే సాహితికి ఫోన్ చేశాడు. "అమ్మా, నా నడక తీసెయ్యి. మా ఇంటికి రా, ఒక నడకుంది" అన్నాడు. అక్తర్ బేగం ససేమిరా అంది. నడిచి చూపించమని తననెవరూ ఎన్నడూ అడగలేదనీ, ఈ వయసులో సిగ్గనీ అంది. చివరికి సాహితి ఒక తొట్టినిండా నీళ్ళు పట్టించి, పెరడంతా తడిపి బురద చేసి, "మామ్మగారూ, నడవద్దు. ఆ మూలనున్న బిందె తెచ్చిపెట్టండి చాలు" అంది. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుంది. బొటనవేలితో నేల చూసుకుని అడుగు వేసింది. అంకమ్మ చెప్పినట్టే వేసింది. సుభాని ఫోనుస్టాండు వెనక నిలబడి చూశాడు. ఈసారి ఎవరూ అతనికి వెనకనుంచి చూడమని చెప్పాల్సిన పని లేకపోయింది.

సాయంత్రానికి సాహితి తెచ్చుకున్న కంప్యూటర్లో భువన నడిచింది. భుజాలు ఆడదాని భుజాల్లా ఉన్నాయి. నీళ్ళలో పాదం తడుముకుని దిగింది. ఎడమకాలు కొంచెం ఆలస్యంగా లేచింది. అక్తర్ బేగం కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"నేనేనా?"

"మీరేనండి."

"నా వీపు నేనెప్పుడూ చూసుకోలేదు" అని తెరమీది ఎడమకాలు చూపించి, "ఆ కాలు సరిచెయ్యి తల్లీ" అంది.

"వద్దండి మామ్మగారూ, అలా ఉంటేనే నిజంగా ఉంది."

"నిజం నాకుందిగా, చాలు. ఆ పిల్ల వరదలో ఇల్లిల్లూ తిరగాలి, పసివాళ్ళని ఎత్తుకోవాలి. దానికెందుకమ్మా ఈ కాలు? దాన్నైనా బాగా నడవనీ."

సాహితి ఎటూ తేల్చుకోలేక సుభాని వంక చూసింది. ఎంతైనా నడకలకి పెద్దమనిషి అతనే కదా. సుభానికి ఆ కాలు అలాగే ఉంచాలనిపించింది. ఆటాడే ప్రతి కుర్రాడూ ఆ కాలుని చూడాలి, తను చూడనిది వాళ్ళైనా చూడాలి. మళ్ళీ వెంటనే, అది ఎవరికోసం, తన బాధ తీరడానికా, ఆమె కోసమా అనిపించింది. రెండు ఆలోచనలూ సరైనవే అనిపించాయి.

"నన్నడక్కమ్మా. నాకు తెలీదు" అన్నాడు. ఆ మాట అతని నోట రావడం ఆ ఇంట్లో అదే మొదలు. "ఆమె నడక. ఆమె ఎలా చెప్తే అలా చెయ్యి."

సాహితి ఏవేవో గీతలు లాగింది, అంకెలు మార్చింది. అరగంట పట్టింది. భువన మళ్ళీ గట్టు దిగింది. రెండు కాళ్ళూ సమానంగా, చకచకా, కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఎవరికోసమూ ఆగకుండా నీళ్ళు చీల్చుకుంటూ వెళ్ళింది. అక్తర్ బేగం ముఖం విప్పారింది.

"ఇదుగో, అచ్చం ఇలాగే నడిచేదాన్ని" అంది.

సుభాని తెర వంక చూశాడు. ఆమె అలా నడిచిన రోజులు గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. పెళ్ళైన కొత్తలో, జాకీర్ పుట్టినప్పుడు, ఈ ఇంటికి మారినప్పుడు. కూరగాయల మార్కెట్లో ఎవరెవరో నడిచిన నడకలు గుర్తొచ్చాయి గానీ, ఆమె నడక ఒక్కటి కూడా గుర్తు రాలేదు. కుర్చీ కంప్యూటర్ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఇంకోసారి చూపించమ్మా" అని అడిగాడు.